పిడికెడు బియ్యపు లెక్క



ఈమధ్య తిరుపతిలో జరిగిన ఒక యవ్వనస్థుల కూడికలో నాయకత్వమును గూర్చి గంటసేపు మాట్లాడమని నన్ను పిలిచారు. సంతోషముగా ఒప్పుకొని, అటక మీది ట్రంకుపెట్టెలో నుండి వేదాంత డిప్లొమా చదివిన రోజుల నోటుపుస్తకము తీశాను. అందులో నాయకుల రకాలు, నాయకునికి ఉండవలసిన లక్షణాలు, నాయకుడు చేయకూడని పనులు అన్నీ వరుస నెంబర్లతో ఉన్నాయి. ముఖ్యమైన వాటి కింద ఎర్ర సిరాతో గీతలు కూడా గీసుకొన్నాను. వాటిని మరో కాగితము మీద ఎక్కించుకొంటూ ఉంటే నా భార్య పక్కన నిలబడి చదివి, "ఇవన్నీ ఆ పిల్లలకు కాలేజీలో చెప్తారు గదండీ. మీరు ఆ బియ్యం సంగతి చెప్పండి" అన్నది.

నేను జవాబు చెప్పలేదు. ఆ బియ్యం సంగతి నేను నలుగురిలో చెప్పుకొనేది కాదు. మరునాడు చిత్తూరులో బస్సు ఎక్కి, పూతలపట్టు దాటి చంద్రగిరి చేరేదాకా ఆ మాటే మనసులో తిరుగుతూ ఉంది. కూడికలో నేను లేచి నిలబడినప్పుడు నోటుపుస్తకము సంచిలోనే ఉండిపోయింది. అక్కడ ఆ పిల్లలకు చెప్పినదే ఇక్కడ కొంచెము విపులముగా వ్రాస్తున్నాను. నాయకులంటే వేదిక మీద కూర్చొనేవారే అని అనుకోకండి. ఇంటికి తండ్రి, వంటింటికి తల్లి, డ్వాక్రా సంఘానికి లీడరు, పాల కేంద్రములో లెక్క వ్రాసే పిల్లవాడు, వీరందరి చేతిలోనూ ఇతరులది ఏదో ఒకటి ఉంటుంది. కాబట్టి ఇది మనందరి సంగతి.

అమ్మ కుండ

మాది చిత్తూరు జిల్లాలో పడమటి వైపు మెట్ట పల్లె. వాన పడితే చెనక్కాయ పంట, పడకపోతే కూలి. ఇంట్లో రోజూ రాగిసంగటే. బియ్యము వండేది ఆదివారమో, చుట్టాలు వచ్చినప్పుడో. అయినా మా అమ్మ పొయ్యి దగ్గర ఒక చిన్న మట్టికుండ పెట్టుకొని ఉండేది. బియ్యము కడిగే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. బియ్యము లేని రోజు పిడికెడు రాగులు వేసేది. ఆదివారము ఆ కుండలోనిది గుడ్డలో మూటగట్టి గుడికి తీసుకొనిపోయేది. మన సంఘాల్లో ఈ పిడికెడు బియ్యపు కానుక తెలియని ఇల్లు ఉండదు గనుక దీనిని నేను వివరించనక్కరలేదు.

నాకు ఎనిమిదేళ్ళ వయస్సులో ఒక సాయంత్రము ఆకలి పట్టలేక ఆ కుండలో నుండి గుప్పెడు బియ్యము తీసి నోట్లో వేసుకోబోయాను. అమ్మ చూసింది. కొట్టలేదు, అరవలేదు. నా గుప్పిట విప్పి ఒక్కొక్క గింజా ఏరి తిరిగి కుండలో వేసి, "అది మనింట్లో వుండాది గానీ మనది కాదురా అబ్బోడా" అన్నది. ఆ రాత్రి నాకు తన వంతు సంగటి కూడా పెట్టింది.

తరువాత నేను కాలేజీలో చదివిన నాయకత్వపు పాఠాలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సరిరావు. మన ఇంట్లో ఉంటుంది గానీ మనది కాదు. మన చేతిలో ఉంటుంది గానీ మనది కాదు. పదవి అంటే ఇంతే. ఇది నాకు ఎనిమిదేళ్ళకే తెలుసు. తెలిసిన దానిని నిలుపుకోవడము వేరే సంగతి అని మాత్రము ముప్పై దాటిన తరువాతనే తెలిసింది.

సారా అంగడి ముందు

మా నాయన మంచివాడే గానీ తాగేవాడు. ఆ రోజుల్లో మా పల్లెల్లో సగము కూలి సారా అంగడికే పోయేది. నేను హైస్కూలులో ఉండగా, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఊళ్ళో రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకొన్న కూలి స్త్రీలు వారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పట్లో పేపరు చదవని వారికి కూడా తెలుసు. ఆ గాలి మా జిల్లాకూ వచ్చింది. చీపురుకట్టలు, కారంపొడి పట్టుకొని ఆడవాళ్ళు అంగళ్ళ ముందు కూర్చొన్నారు. సారా వేలము పాటలు జరగనీయలేదు. చివరికి ప్రభుత్వము 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము కూడా వచ్చింది. అది 1997లో సడలిపోయింది గానీ ఆ ఆడవాళ్ళు చేసిన పని చిన్నది కాదు.

వాళ్ళలో ఎవరికీ పదవి లేదు. ఎవరూ వాళ్ళను నాయకురాళ్ళుగా ఎన్నుకోలేదు. "నేను ఎండలో వంగి సంపాదించిన కూలి యాడికి పోతావుంది?" అన్న ఒక్క ప్రశ్న వాళ్ళను లేపి నిలబెట్టింది. మా అమ్మ కూడా పక్క ఊరి అంగడి దగ్గరికి వెళ్ళి వచ్చింది. ఆ ప్రశ్న ఎంత బరువైనదో నేను అప్పుడు గ్రహించలేదు. ఇరవై ఏళ్ళ తరువాత అదే ప్రశ్న నా ముఖము మీదికి వచ్చింది.

అరవై బస్తాల సిమెంటు

అభిషేకము పొందిన కొన్ని సంవత్సరాలకు నన్ను ఎనిమిది గ్రామాల పాస్టరేటుకు పంపారు. పెద్ద గ్రామములోని మందిరము పాతది. వానాకాలములో పెంకుల సందుల్లో నుండి నీళ్ళు కారితే బిందెలు పెట్టుకొని ఆరాధన చేసేవారము. నాకు వయస్సు ఉంది, ఉత్సాహము ఉంది. నేను బదిలీ అయ్యేలోగా దాని మీద స్లాబు వేయించాలని పట్టుపట్టాను. రాతిపలక మీద నా పేరు చెక్కించాలన్న కోరిక కూడా మనసు మూలలో ఉన్నదని ఇప్పుడు ఒప్పుకొంటున్నాను.

సంఘ సభ్యుడైన ఒక కాంట్రాక్టరు సగము ఖర్చు తాను పెట్టుకొంటానని మాట ఇచ్చాడు. నేను సంతోషించి, ఎవరినీ పెద్దగా అడగకుండానే ఆయనను కమిటీలోకి తెచ్చి లెక్కల పని అప్పగించాను. గోడలు ఎత్తు చేశాము, కమ్మీ వచ్చింది. సిమెంటు కొనవలసిన సమయానికి ఆయన డబ్బు రాలేదు. బిల్లు రావాలన్నాడు, వారము అన్నాడు, నెల అన్నాడు. మేస్త్రీలు వేరే పనికి పోతామన్నారు.

ఆ సంఘములో పిడికెడు బియ్యపు నిధి ఒకటి ఉంది. వారము వారము వచ్చే బియ్యము పడితో కొలిచి, అమ్మి, ఆ డబ్బు బ్యాంకులో వేసేవారు. అది విధవరాండ్రకు, చదువుకొనే పిల్లల ఫీజులకు అని ఎన్నో ఏళ్ళ కిందట సంఘము కూర్చొని తీర్మానము చేసుకొన్నది. నేను ఆ నిధిలో నుండి పద్దెనిమిది వేలు తీసి అరవై బస్తాల సిమెంటు కొన్నాను. బస్తా మూడు వందలు. కమిటీలో పెట్టలేదు, సంఘానికి చెప్పలేదు. ఒక్క రూపాయి నా ఇంటికి తెచ్చుకోలేదు. దేవుని మందిరానికే గదా, కాంట్రాక్టరు డబ్బు రాగానే తిరిగి కట్టేస్తాను గదా అనుకొన్నాను. దొంగతనము దొంగతనముగా వస్తే మనము గుర్తుపట్టి తలుపు వేస్తాము. అది మంచిపని వేషములో వచ్చింది.

ఆ డబ్బు తిరిగి రాలేదు. రెండు నెలలకు ఒక అవ్వ తన మనుమరాలిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్లకు నర్సింగు కోర్సులో సీటు వచ్చింది. మొదటి విడత పన్నెండు వేలు కట్టాలి. బియ్యపు నిధిలో నుండి ఇప్పించమని అడిగింది. నిధిలో అప్పటికి ఆరేడు వందల రూపాయలకు మించి లేవు. నేను వాళ్ళ ముఖము చూడలేక, "ఈ ఏడు నిధి తక్కువగా ఉందవ్వా, ప్రార్థన చేద్దాము" అన్నాను. ఆ పిల్ల తలవంచుకొని నిలబడింది. నేను వాళ్ళతో నిజముగానే ప్రార్థన కూడా చేశాను. ఇన్నేళ్ళ సేవలో నేను సిగ్గుపడే ప్రార్థన అది.

కోతపండుగ నాడు

ఆ సంవత్సరము కోతపండుగకు చెనక్కాయలు, బెల్లము, గుమ్మడికాయలు, కోళ్ళు బాగానే వచ్చాయి. వేలముపాట సందడిగా జరిగింది. ప్రతి ఏటా పాట అయిన తరువాత బియ్యపు లెక్క గట్టిగా చదివి వినిపించడము ఆ సంఘములో వాడుక. నేను ఆ సంవత్సరము చదివించలేదు. ఆలస్యమైంది, భోజనాలకు లేవండి అన్నాను. అందరూ లేచారు. ఆ అవ్వ లేవలేదు.

"అయ్యగారూ, ఈ తూరి బియ్యం లెక్క సదవలేదే?"

నాకు చెమట పట్టింది. చెమటతోపాటు కోపము కూడా వచ్చింది. తప్పు చేసిన పెద్దవానికి మొదట వచ్చేది కోపమే. "అంతా దేవుని పనికే ఖర్చయింది గదవ్వా, నీకు అనుమానమా?" అన్నాను, అందరూ వినేటట్టు.

ఆమె నెమ్మదిగానే చెప్పింది. "దేవుడి పనికి కాదని నేను అన్లేదు నాయనా. నేను యేసింది పిడికెడే. ఆ పిడికెడు యాడుండాదో తెలిస్తే సాలు."

అంతే అని, కర్ర ఊతముగా లేచి, భోజనము చేయకుండా ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె 1992లో తన ఊరి సారా అంగడి ముందు మూడు రాత్రులు కూర్చొన్న మనిషి అని ఆ తరువాత ఎవరో చెప్పారు. అప్పుడు ఆమె తన కూలి ఎక్కడికి పోతుందని అడిగింది. ఇప్పుడు తన కానుక ఎక్కడికి పోయిందని అడిగింది. ఇరవై ఏళ్ళు గడిచినా ఆ మనిషి మారలేదు, ఆ ప్రశ్న మారలేదు. అప్పుడు ఎదుట ఉన్నది సారా కాంట్రాక్టరు, ఇప్పుడు ఎదుట ఉన్నది నేను. ఆ పోలిక తలచుకొంటే నాకు నిద్ర పట్టలేదు.

వేలూరు, దోర్నకల్

ఆ దినాల్లో నేను ఎక్కువగా మౌనముగా ఉండి, మన ప్రాంతములో సేవ చేసినవారి జీవితాలను మళ్ళీ చదివాను. రెండు జీవితాలు నన్ను పట్టుకొన్నాయి.

మొదటిది మనకు పక్కనే ఉన్న వేలూరు ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడ్డర్ గారిది. చిత్తూరు జిల్లాలో ఆ ఆసుపత్రికి వెళ్ళని కుటుంబము అరుదు. ఆమె 1870లో రాణిపేటలో మిషనరీ కుటుంబములో పుట్టారు. ఈ దేశములో ఉండిపోవాలని ఆమెకు ఎంత మాత్రమూ ఇష్టము లేదు. తల్లికి జబ్బుగా ఉన్నదని యవ్వనములో తిండివనము వచ్చినప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను వేడుకొన్నారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన ఆమె తండ్రి వస్తానంటే, మగవానిని లోపలికి రానిచ్చే ఆచారము లేదని వారు ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్ళి వైద్యము చదివి 1900లో తిరిగి వచ్చారు. 1902లో వేలూరులో ఆసుపత్రి తెరిచారు. 1909లో నర్సులకు శిక్షణ మొదలుపెట్టారు. ఆ కాలములోనే దారి పక్క చెట్ల కింద బండి ఆపి పల్లె రోగులను చూడడము మొదలుపెట్టారు. 1918లో స్త్రీల కొరకు వైద్య పాఠశాల పెట్టారు. 1960లో కన్నుమూసేదాకా ఈ ప్రాంతానికే అంకితమయ్యారు.

నేను గమనించినది ఏమంటే, ఆమె తరువాత చేసిన ప్రతి నిర్ణయమూ ఆ ఒక్క రాత్రికి జవాబుగా ఉంది. ఆసుపత్రికి రాలేనివారి దగ్గరికి తానే వెళ్ళడము, ఆడపిల్లలకు ముందుగా చదువు చెప్పడము, తానొక్కతే కాకుండా వందల మందిని తయారు చేయడము, ఇవన్నీ వేరువేరు పథకాలు కావు. ఏ ఆడమనిషీ చూసే దిక్కు లేక చావకూడదు అన్నది ఆమె గుండెలో పడింది. మిగతాదంతా దానిలో నుండి మొలిచింది. అది చదువుతూ ఉంటే నా ఇంటి గడప దగ్గర తలవంచుకొని నిలబడిన నర్సింగు పిల్ల కళ్ళ ముందుకు వచ్చింది.

రెండవది దోర్నకల్ బిషప్పు అజరయ్య గారిది. ఆయన 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. వై.ఎం.సి.ఎ.లో మంచి ఉద్యోగములో ఉండగా దానిని విడిచి 1909లో దోర్నకల్‌కు వచ్చారు. తెలుగు నేర్చుకొన్నారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, మీరు మాకు సొమ్ము ఇచ్చారు, త్యాగము చేశారు, ఇక మమ్మును స్నేహితులుగా చూడండి అన్న భావముతో తెల్లవారి ఎదుటనే మాట్లాడారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పు కావడము అదే మొదలు. తెల్లవారిలోనూ మనవారిలోనూ దానిని ఇష్టపడనివారు ఉన్నారు. ఆయన వాదులాటకు దిగకుండా పల్లెలకు వెళ్ళారు. మురికి, రోగము, అప్పు, తాగుడు, ఈ నాలుగింటితో పోరాడారు. మాలలూ మాదిగలూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని పట్టుబట్టారు. పేద పల్లె సంఘము కూడా తన చేతితో తాను ఇయ్యడము నేర్చుకోవాలని బోధించి, కానుకలను గూర్చి ఒక పుస్తకమే వ్రాశారు. 1945 జనవరి 1న నిద్రించారు. ఆయన ఎంతగానో ప్రయాసపడిన సంఘాల ఐక్యత, దక్షిణ ఇండియా సంఘముగా, 1947 సెప్టెంబరు 27న నెరవేరింది. ఆయన దానిని కళ్ళారా చూడలేదు.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన మందిరము 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడింది. బిషప్పు అయిన ఇరవై ఆరు సంవత్సరాలకు! ఈలోగా పల్లెల్లో బడులు లేచాయి, ఉపదేశకులు తయారయ్యారు, వారి భార్యలకు చదువు వచ్చింది. నేను నా బదిలీ లోపల స్లాబు వేయాలని తొందరపడ్డాను. ఆయనకు రాతి కట్టడము కంటే మనుషులు ముందు. నాకు మనుషుల పిడికెళ్ళ కంటే సిమెంటు ముందైంది. ఇద్దరమూ దేవుని మందిరమనే అన్నాము. పెదవుల మీది మాట ఒకటే, లోపలి విలువ వేరు. ఆ లోపలిదే చివరకు నిర్ణయాలు చేస్తుంది.

లెక్క అప్పజెప్పుట

వాక్యములో సమూయేలు ముసలితనములో ప్రజలందరినీ పోగుచేసి, నేను మీలో ఎవరి ఎద్దునైనా, గాడిదనైనా తీసుకొన్నానా చెప్పండి అని అడిగిన సంగతి మీకు తెలుసు. నెహెమ్యా అధికారిగా ఉన్న పన్నెండేళ్ళూ అధికారికి రావలసిన భోజన భత్యమును ముట్టలేదు. వీటి మీద నేను ఎన్నోసార్లు ప్రసంగము చేసి ఉన్నాను. సమూయేలువలె నిలబడి అడిగితే నాకు ఏమి జవాబు వస్తుందో అని ఇప్పుడు భయము పట్టుకొన్నది.

కోతపండుగ అయిన ఆరవ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, నేను ప్రసంగ వేదిక దిగి, కింద బల్ల దగ్గర నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎంత తీశానో, ఎప్పుడు తీశానో, ఎవరిని అడగలేదో చెప్పాను. నిధి తక్కువగా ఉందని ఆ అవ్వకు చెప్పిన మాట అబద్ధమని చెప్పాను. అప్పటికి కాంట్రాక్టరు మీద నెపము వేసే అవకాశము ఉండింది. నా భార్య ముందు రాత్రే, "ఆయన పేరు ఎత్తవద్దండీ, తీసిన చెయ్యి మీది" అన్నది. ఎత్తలేదు. నెలకు పదిహేను వందల చొప్పున పన్నెండు నెలలు నా జీతములో నుండి కట్టాను. ఆ సంవత్సరము మా ఇంట్లో పిల్లలకు పండుగ బట్టలు లేవు.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని వ్రాస్తే మీరు సంతోషిస్తారు గానీ అది నిజము కాదు. కాంట్రాక్టరు తనకు అవమానము జరిగిందని కమిటీ విడిచిపెట్టాడు. అతనితోపాటు నాలుగు కుటుంబాలు వేరే సంఘానికి పోయాయి. స్లాబు రెండేళ్ళు ఆగిపోయింది. కమ్మీలు ఆకాశము వైపు చూస్తూ తుప్పుపట్టాయి. నన్ను గౌరవించిన కొందరు పెద్దలు, ఇట్లాంటివి బయట చెప్పుకొంటారా అని నన్నే తప్పుపట్టారు.

అన్నిటికంటె పెద్ద నష్టము ఆ పిల్లది. నేను నిజము చెప్పేసరికి నర్సింగు కోర్సులో చేరే గడువు దాటిపోయింది. మరుసటి ఏటికి ఇంట్లోవాళ్ళు పెండ్లి చేసేశారు. ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. మామిడికాయల కాలములో గుజ్జు ఫ్యాక్టరీకి పనికి పోతుంది. ఎదురుపడితే వందనము అయ్యగారూ అంటుంది. ఆమెను కూడా క్షమాపణ అడిగాను. పోనీండి అయ్యగారూ అన్నది. ప్రభువు నన్ను క్షమించాడని నమ్ముతున్నాను. సంఘము క్షమించింది. కాని ఆమెకు ఆ సంవత్సరము తిరిగి రాలేదు. నాయకుని తప్పు నాయకునితోనే ఆగిపోతే ఎంత బాగుండును! అది ఎప్పుడూ, అడగడానికి నోరు లేనివారి మీదనే పోయి పడుతుంది.

ఇప్పటి వాడుక

ఆ తరువాత నేను ఏ పాస్టరేటుకు వెళ్ళినా కొన్ని వాడుకలు పెట్టుకొన్నాను. ఇవి ఎవరో గొప్పవారు కనిపెట్టినవి కావు, ఆ అవ్వ ప్రశ్నలో నుండి వచ్చినవే. కానుకల పెట్టెకు రెండు తాళాలు, రెండు ఇండ్లలో ఉంటాయి, నా ఇంట్లో ఒకటీ ఉండదు. లెక్కించేటప్పుడు ముగ్గురు కూర్చొంటారు, వారిలో ఒకరు స్త్రీ, ఒకరు ఏ పదవీ లేనివారు. ప్రతి నెల మొదటి ఆదివారము లెక్క చదువుతాము. గోడకు అంటించి ఊరుకోము, ఎందుకంటే చదువు రానివారి పిడికెళ్ళే అందులో ఎక్కువ. ఎన్ని పడులు వచ్చాయి, ఎంతకు అమ్మాము, ఎవరి అవసరానికి పోయింది, అన్నీ నోటితో చెప్తాము. ఒక నిధి డబ్బు మరో పనికి కావలసి వస్తే సంఘము చేతులెత్తి ఒప్పుకోవాలి. పెద్ద కానుక ఇచ్చినవారికి ఆ సంవత్సరము లెక్కల పదవి ఇయ్యము. దీనివల్ల కొన్ని పెద్ద కానుకలు మాకు రాకుండా పోయాయి. పోనీ అనుకొన్నాము.

ఈ వాడుకలు ఉన్నంత మాత్రాన నేను మంచివాడనైపోలేదు. కంచె ఉన్నంత మాత్రాన గొర్రె బుద్ధి మారదు. నా బుద్ధి నాకు తెలుసు గనుక కంచె వేయించుకొన్నాను, అంతే.

తల్లులారా, తండ్రులారా, మీ పిల్లలు రేపు ఏదో ఒక చోట పెద్దలవుతారు. పంచాయతీలోనో, ఆఫీసులోనో, సంఘములోనో నలుగురి సొమ్ము వాళ్ళ చేతికి వస్తుంది. ఆ దినమున వాళ్ళు ఏమి చేస్తారన్నది ఈ దినమున మీ వంటింట్లో తీర్మానమవుతూ ఉంది. అంగడికి పంపిన బిడ్డ మిగిలిన చిల్లర తెచ్చి ఇస్తే లెక్క అడగండి. మీరు కూడా ఇంటి ఖర్చు లెక్క బిడ్డల ఎదుట చెప్పండి. తండ్రి లెక్క చెప్పే ఇంట్లో పెరిగిన బిడ్డ రేపు నలుగురికి లెక్క చెప్పడానికి సిగ్గుపడడు. నాకు మా అమ్మ అది నేర్పింది. నేర్చిన తరువాత కూడా నేను జారిపోయాను. నేర్వకుండా ఉండి ఉంటే జారినట్టు కూడా తెలిసి ఉండేది కాదు.

ఆ అవ్వ నాలుగేళ్ళ కిందట ప్రభువునందు నిద్రించింది. నేను వేరే పాస్టరేటులో ఉన్నాను గానీ కబురు రాగానే వెళ్ళాను. సమాధి కార్యక్రమము అయిన తరువాత ఆమె కోడలు ఒక చిన్న కుండ తెచ్చి అక్కడి పాస్టరుగారి ముందు పెట్టింది. మంచము పట్టిన తరువాత కూడా, కోడలు వండే ముందు పిలిచి, తన చేతితోనే పిడికెడు తీసి వేయించుకొనేదట. చివరి వారముల బియ్యము అందులో ఉంది. మేము అక్కడే అరుగు మీద కూర్చొని పడితో కొలిచాము. పడిన్నర వచ్చింది. ఆ పాస్టరుగారు పుస్తకము తెప్పించి, తేదీ వేసి, ఆమె పేరు వ్రాసి, దాని ఎదుట పడిన్నర అని వ్రాశారు. తరువాత చుట్టూ ఉన్నవారు వినేటట్టు దానిని గట్టిగా చదివి వినిపించారు.